పాత కారు ఒకసారి స్టార్ట్ అయి, ఇంకోసారి మొరాయిస్తుంటే: లోపాన్ని పట్టుకోవడం ఎలా

పొద్దున ఒక్క తిప్పుకే లేచిన బండి సాయంత్రం పెట్రోల్ బంకులో మొండికేస్తుంది. వెనకవాడు హారన్ కొడుతుంటాడు, మీరు చెమటలు కక్కుకుంటూ పక్కకి తోస్తారు, పది నిమిషాలాగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఎన్నిసార్లు తిప్పినా బుద్ధిగా లేస్తుంది. ఆయన "బ్యాటరీ మార్చి చూద్దాం సార్" అంటాడు. అక్కడి నుంచి మొదలవుతుంది ఖర్చు.

ఇక్కడ రాసింది ముఖ్యంగా పదేళ్లు దాటిన పెట్రోల్ ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) కార్ల గురించి, అంటే మారుతీ 800, ఆల్టో, జెన్, వ్యాగన్ ఆర్, శాంత్రో లాంటివి. డీజిల్ గురించి, గ్యాస్ కిట్ ఉన్న బండ్ల గురించి కూడా కొంచెం చెప్తాను.

## 1. మొరాయించిన ఆ కాసేపే మీకు దొరికే ఆధారం

ఎప్పుడూ స్టార్ట్ కాని బండిని బాగుచేయడం తేలిక. అప్పుడప్పుడు స్టార్ట్ కాని బండే కష్టం, ఎందుకంటే లోపం కనబడుతున్నప్పుడే దాన్ని కొలవగలం. బండి బాగున్నప్పుడు ఏ రీడింగు తీసినా బాగానే వస్తుంది.

అందుకే బండి మొరాయించగానే పదేపదే కీ తిప్పి ఎలాగోలా లేపేయకండి. ట్రాఫిక్‌కి అడ్డం లేని చోట ఉంటే ఐదు నిమిషాలు ఓపిక పట్టి, కింద చెప్పిన పరీక్షలు అప్పుడే చేయండి. బండి మళ్లీ లేచిందంటే ఆ అవకాశం పోయినట్టే, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

## 2. డిక్కీలో పడేసి ఉంచాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్ (మామూలు చవక రకం చాలు)
- 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, లేదా హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించిన ఇండికేటర్ బల్బు
- లావుపాటి జంపర్ కేబుళ్లు (దారంలా సన్నగా ఉండేవి కొనొద్దు, వేడెక్కడం తప్ప పని చేయవు)
- 10, 12 నంబర్ స్పానర్లు, గరుకు కాగితం, పాత టూత్ బ్రష్
- టార్చి
- స్పేర్ కీ
- చిన్న నోటు పుస్తకం, లేదా ఫోన్‌లో నోట్స్

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేక్ వేసి ఉందా చూసుకోండి. బానెట్ కింద చేతులు పెట్టేటప్పుడు రేడియేటర్ ఫ్యాన్‌కి దూరంగా ఉండండి, అది దానంతటదే తిరుగుతుంది. పెట్రోల్ వాసన గట్టిగా వస్తుంటే స్పార్క్ పరీక్షలు చేయొద్దు.

## 3. లాగ్ రాయండి

ఇది చదివి చాలామంది దాటేస్తారు. దాటేయకండి, సగం లోపాలు ఇక్కడే బయటపడతాయి. బండి మొరాయించిన ప్రతిసారీ ఇవి రాసుకోండి:

- ఇంజిన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా, ఆపి ఎంతసేపైంది
- ఎండలో నిలిపారా, వాన పడిందా, ముందురోజు బండి కడిగారా
- కీ తిప్పగానే వినిపించిన చప్పుడు
- డాష్‌బోర్డు మీద ఏ లైట్లు వెలిగాయి, ఏవి వెలగలేదు
- ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది
- ఆఖరికి ఏం చేస్తే లేచింది (తోస్తేనా, ఆగితేనా, ఊరికే మళ్లీ తిప్పితేనా)

తోసి రెండో గేరులో క్లచ్ వదలగానే చక్కగా అందుకుంటే తప్పు దాదాపుగా సెల్ఫ్ (స్టార్టర్) వైపే, అంటే బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటార్. లైట్లు బాగానే వెలుగుతున్నా, తోసినా లేవకపోతే పెట్రోల్, స్పార్క్ వైపు చూడాలి. ఆటోమేటిక్ గేరు బండ్లకి ఈ చిట్కా పనికిరాదు.

## 4. హెడ్‌లైట్లు వేసి కీ తిప్పండి

ఏ పనిముట్టూ అక్కర్లేని పరీక్ష ఇది. గోడ ముందు బండి ఉంటే ఇంకా మంచిది. హెడ్‌లైట్లు వేసి, గోడ మీద వెలుగును చూస్తూ కీ తిప్పండి.

- లైట్లు పూర్తిగా పడిపోయాయి, సెల్ఫ్ తిరగలేదు లేదా టకటకమని కొట్టుకుంది: బ్యాటరీ గాని టెర్మినళ్లు గాని. 5వ భాగం.
- సెల్ఫ్ ఈడ్చుకుంటూ నీరసంగా తిరిగింది: ఇదీ 5వ భాగమే, ముఖ్యంగా ఎర్తింగ్.
- గట్టిగా ఒక్క "టిక్" వచ్చింది, లైట్లు పెద్దగా తగ్గలేదు: సెల్ఫ్ మోటారే. 6వ భాగం.
- చప్పుడే లేదు, లైట్లు కదల్లేదు: కీ స్విచ్ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే సన్న వైరు దారి. 7వ భాగం.
- సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది గాని ఇంజిన్ అందుకోవట్లేదు: 8వ భాగం.
- "గుయ్య్" మని సెల్ఫ్ ఒక్కటే తిరిగింది, ఇంజిన్ కదల్లేదు: బెండిక్స్ (సెల్ఫ్‌ని ఇంజిన్‌కి కలిపే గేరు) జారుతోంది. సెల్ఫ్ దించాల్సిందే.

## 5. బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్తింగ్

ముందు బ్యాటరీ. బండి ఆపి కొన్ని గంటలయ్యాక, వీలైతే పొద్దున్నే, మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 12.0 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ నీరసించిందని లెక్క, కాకపోతే ముందు ఫుల్ ఛార్జి చేసి మళ్లీ చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే డైనమో ఛార్జి చేయట్లేదు, కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకి అదే కథ.

బ్యాటరీ బాగున్నా బండి మొరాయిస్తుంటే టెర్మినళ్లు. తెల్లగానో పచ్చగానో పూత పట్టి ఉంటే కనబడుతుంది, అదే నయం. ఇబ్బంది పెట్టేది కనబడని పూత: క్లాంపు లోపలి వైపు, సీసం పోస్టుకి ఆనుకునే చోట, నల్లటి పలచటి పొర. పైనుంచి చూస్తే శుభ్రంగా ఉంటుంది. క్లాంపుని చేత్తో పట్టి తిప్పి చూడండి, వెంట్రుకవాసి కదిలినా అది లూజే.

శుభ్రం చేసే వరస ఇది:

1. కీ తీసేయండి. ముందు నెగటివ్ విప్పండి, తర్వాత పాజిటివ్.
2. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోండి.
3. ఆరాక పోస్టునీ క్లాంపు లోపలినీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి.
4. ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్ బిగించండి. వ్యాస్లిన్ బిగించాక పైన రాయండి, ముందే పూయకండి.

స్టీరియోకి సెక్యూరిటీ కోడ్ ఉంటే అది చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి.

ఇక ఎర్తింగ్. నా అనుభవంలో పాత బండ్లలో ఎక్కువమంది వదిలేసేది, ఎక్కువ డబ్బు వృథా చేయించేది ఇదే. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు బాడీకి, ఇంకోటి ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో వెళ్తుంది. సెల్ఫ్ లాగే వందల యాంపియర్లు తిరిగి బ్యాటరీకి చేరాల్సింది ఆ దారినే. బోల్టు కింద తుప్పు పట్టినా, వైరు లోపల తీగలు తెగినా మామూలుగా లైట్లు, హారన్ అన్నీ పనిచేస్తాయి, సెల్ఫ్ మాత్రం మొరాయిస్తుంది.

మా పక్కింటాయన బండికి రెండేళ్లలో రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ రిపేరు అయ్యాయి. చూస్తే గేర్‌బాక్స్ మీద ఎర్త్ వైరు బోల్టు తళతళలాడుతోంది, ఎవరో కొత్తగా బిగించారు. కానీ వైరుని లగ్ (కొసన బోల్టుకి బిగించే రింగు) దగ్గర కొంచెం వంచితే మెత్తగా, గుడ్డ పేలికలా వంగింది. తొడుగు కోస్తే లోపల రాగి తీగలన్నీ పచ్చగా పొడిపొడిగా ఉన్నాయి, నాలుగైదు పోగులే అతుక్కుని ఉన్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ నాలుగు పోగులతోనే నెట్టుకొచ్చేది, వేడెక్కాక చేతులెత్తేసేది.

చూసి చెప్పడం కష్టం కాబట్టి కొలవాలి. ఇంజిన్ లేవకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ గాని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) గాని తీసేయండి. ఒకరు కీ తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి.

- ఎర్త్ వైపు: మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసం మీదే), రెండోది ఇంజిన్ మీద రంగు లేని ఇనుము మీద. సెల్ఫ్ తిరుగుతుండగా 0.2 – 0.3 వోల్టుల లోపు ఉండాలి.
- పాజిటివ్ వైపు: ఒక ముల్లు పాజిటివ్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ మీద లావు వైరు బిగించిన బోల్టు మీద. 0.5 వోల్టుల లోపు ఉండాలి.

అంతకంటే ఎక్కువ వస్తే ఆ దారిలో ఎక్కడో కరెంటు తినేస్తోంది. ముల్లుని ఒక్కో అతుకు దాటించుకుంటూ వస్తే ఎక్కడ రీడింగు దూకిందో అక్కడే జబ్బు. ఒక్కోసారి కీ పది సెకన్లకు మించి పట్టుకోకండి, మధ్యలో నిమిషం ఆగండి.

రోడ్డు మీద ఇంత సావకాశం ఉండదు. అప్పుడు ఒక జంపర్ కేబుల్ తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజిన్ ఇనుముకి తగిలించి కీ తిప్పండి. వెంటనే లేస్తే ఎర్తింగే.

## 6. "టిక్" మని ఊరుకుంటే

సెల్ఫ్ మీద ఉండే సోలనాయిడ్ (కీ తిప్పగానే మోటారుకి కరెంటు కలిపే స్విచ్) పనిచేసింది గాని మోటారుకి కరెంటు అందలేదు, లేదా మోటారు తీసుకోలేదు. సోలనాయిడ్ లోపల రెండు రాగి కాంటాక్టులు ఉంటాయి. ఏళ్ల తరబడి నిప్పురవ్వలు లేచి ఒక వైపు కరిగిపోతాయి. అందుకే ఐదుసార్లు టిక్ మని ఆరోసారి తిరుగుతుంది. రెండో అనుమానం మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం.

బండి మొరాయించినప్పుడు స్పానర్ పిడితో సెల్ఫ్ బాడీ మీద మెల్లగా రెండు తట్లు తట్టి, కీ తిప్పించండి. అప్పుడు తిరిగితే బ్రష్‌లు గాని కాంటాక్టులు గాని అయిపోయినట్టే. మెల్లగా అన్నది మరిచిపోకండి. చిన్న సెల్ఫ్‌లు చాలావాటిలో పర్మనెంట్ మాగ్నెట్లు ఉంటాయి, సుత్తితో బాదితే అవి పగులుతాయి. తట్టడం లోపం తెలుసుకోవడానికే, దాన్నే నమ్ముకుని నెలలు లాగిస్తే ఏదో ఒక రాత్రి తట్టినా లేవదు.

రిపేరుకిచ్చేటప్పుడు బ్రష్‌లు, బుష్‌లు, సోలనాయిడ్ కాంటాక్టులు మూడూ చూడమనండి, పాతవి మీకు చూపించమనండి. సెల్ఫ్ దించే శ్రమ ఎలాగూ ఒకటే.

## 7. చప్పుడే లేకపోతే

సోలనాయిడ్‌కి ఒక సన్న వైరు వస్తుంది, ఎస్ టెర్మినల్ అంటారు. బండి మొరాయించినప్పుడు టెస్ట్ ల్యాంప్ ఒక కొస దానికి, ఇంకో కొస ఇంజిన్ ఇనుముకి పెట్టి కీ తిప్పించండి.

బల్బు ధగధగా వెలిగి సెల్ఫ్ కదలకపోతే తప్పు సెల్ఫ్‌దే, వెనక్కి 6వ భాగానికి వెళ్లండి. బల్బు వెలగకపోయినా, మినుకుమన్నా తప్పు ఇటువైపు. ఈ వరసలో చూడండి:

1. ఎస్ టెర్మినల్ కనెక్టర్ లూజుగా ఉందా, ఆయిల్ పట్టిందా.
2. సెల్ఫ్ రిలే, ఫ్యూజు. అదే నంబరున్న ఇంకో రిలేతో (హారన్‌ది కావచ్చు) మార్చి చూడండి.
3. కీ స్విచ్. కీ తిప్పి పట్టుకుని కొంచెం అటూ ఇటూ ఆడించండి. ఏదో ఒక కోణంలో సెల్ఫ్ అందుకుంటే స్విచ్ కాంటాక్టులు అరిగాయి. బరువైన తాళాల గుత్తి వేలాడదీసే అలవాటుంటే ఇప్పుడే మానేయండి.
4. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్. పార్క్‌లో లేవకపోతే న్యూట్రల్‌లో తిప్పి చూడండి. కొన్ని మాన్యువల్ బండ్లలో క్లచ్ పెడల్ దగ్గర స్విచ్ ఉంటుంది.
5. బయట పెట్టించుకున్న అలారం, రిమోట్ లాక్. వీటిలో కొన్నింటికి సెల్ఫ్ వైరునో ఇగ్నిషన్ వైరునో కోసి మధ్యలో ఒక రిలే పెడతారు. టేపు చుట్టిన ఆ అతుకులు స్టీరింగ్ కింద దొరుకుతాయి. దాన్ని తీసేసి వైరుని నేరుగా సోల్డర్ చేయించి కొన్నాళ్లు నడపండి.

సన్న వైరు దగ్గర 12కి బదులు 8, 9 వోల్టులే వస్తూ, స్విచ్ మార్చినా తేడా లేకపోతే పాత బండ్లకి చక్కటి పరిష్కారం ఒకటుంది: సెల్ఫ్ దగ్గరే ఒక రిలే, ఫ్యూజుతో సహా పెట్టించడం. కీ స్విచ్ రిలేని మాత్రమే లేపుతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. ఖర్చు కూడా పెద్దగా కాదు.

## 8. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

కీ ఆన్ చేసి (సెల్ఫ్ కొట్టకుండా) మూడు సంగతులు గమనించండి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? వెలగకపోతే ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి) కరెంటే అందట్లేదు. మెయిన్ రిలే, దాని ఫ్యూజు, ఈసీయూ ఎర్త్ చూడాలి. 1990ల నాటి హోండా కార్లలో మెయిన్ రిలే లోపల సోల్డర్ చిట్లడం బాగా తెలిసిన జబ్బు. ఎండలో నిలిపిన బండి లేవదు, అద్దాలు దించి క్యాబిన్ చల్లబడ్డాక లేస్తుంది. వేరే కంపెనీ పాత రిలేలకీ ఇది రావచ్చు.

సెక్యూరిటీ లైటు కొట్టుకుంటోందా? ఇమ్మొబిలైజర్ ఉన్న బండిలో తాళం బొమ్మ లైటు టపటపా వెలిగి ఆరుతుంటే కీలోని చిప్పుని బండి గుర్తుపట్టలేదు. గుత్తిలోంచి ఆ ఒక్క కీని విడదీసి, లేదా స్పేర్ కీతో ప్రయత్నించండి.

వెనక సీటు వైపు నుంచి పంపు చప్పుడు వచ్చిందా? చాలా బండ్లలో రెండు మూడు సెకన్లు "జ్‌జ్" మని ఆగిపోతుంది. వినబడకపోతే పెట్రోల్ మూత తీసి ఇంకొకరిని వినమనండి. చప్పుడు లేకపోతే రిలే, ఫ్యూజు, కనెక్టరు, ఆఖరున పంపు. ట్యాంకు అడుగున అరచేత్తో తడుతుండగా స్టార్ట్ అయితే పంపు బ్రష్‌లు అరిగాయి. ఎప్పుడూ రిజర్వులోనే తిప్పేవాళ్ల పంపులు త్వరగా పోతాయి, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

పంపు చప్పుడు వస్తున్నా చాలాసేపు సెల్ఫ్ కొడితే గాని లేవట్లేదంటే ఇలా చేయండి: కీ ఆన్, మూడు సెకన్లు, ఆఫ్. అలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. టక్కున లేస్తే లైనులో ప్రెషర్ నిలవట్లేదు: పంపులోని చెక్ వాల్వ్, రెగ్యులేటర్, లేదా కారుతున్న ఇంజెక్టర్.

పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంజిన్ లోపల పెట్రోల్ ఎక్కువైపోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో అప్పుడు ఇంజెక్టర్లు ఆగి, గాలి మాత్రమే లోపలికి పోతుంది. ఇది తరచుగా జరుగుతుంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ని అనుమానించండి. వేడి ఇంజిన్‌ని అది చల్లగా ఉందని చెబితే ఈసీయూ ఎక్కువ పెట్రోల్ పోస్తుంది.

ఇక అసలు దొంగ: క్రాంక్ సెన్సర్, అంటే ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పేది (కొన్ని ఇంజిన్లలో ఆ పని క్యామ్ సెన్సర్ చేస్తుంది). హైవే మీద గంట నడిపి, టీకి ఆగి, పావుగంటకి తిప్పితే లేవదు. అరగంటకి లేస్తుంది. ఇంజిన్ ఆపాక కాసేపు బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది, ఆ వేడికి సెన్సర్ లోపలి తీగచుట్ట తెగి, చల్లబడ్డాక మళ్లీ అతుక్కుంటుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేవాల్సిన బండిలో అది చలించకపోతే అనుమానం బలపడుతుంది. సెన్సర్ చేతికందేలా ఉంటే చల్లటి తడిగుడ్డ రెండు నిమిషాలు దాని మీద ఉంచి తిప్పండి. లేస్తే దొరికినట్టే. సైలెన్సర్ పైపులు పక్కనే ఉంటాయి, చేయి జాగ్రత్త.

16 పిన్నుల ఓబీడీ సాకెట్ (స్కానర్ తగిలించేది) ఉంటే లోపాల కోడ్లు చదివించండి, కానీ కోడ్ లేదంటే సెన్సర్ బాగుందని అనుకోవద్దు. స్పార్క్ చూడాలంటే స్పార్క్ టెస్టర్ వాడండి, హెచ్‌టీ వైరు (స్పార్క్ ప్లగ్గుకి హై వోల్టేజీ తీసుకెళ్లేది) చేత్తో పట్టుకుని చూసే పద్ధతి వద్దు.

గ్యాస్ కిట్ ఉన్న బండ్లలో ఇంజెక్టర్ వైర్లని కోసి ఎమ్యులేటర్‌కి (గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లని ఆపే పెట్టెకి) కలిపి ఉంటారు. ముందు ఆ కనెక్టర్లు చూసి, తర్వాతే సెన్సర్ల జోలికి వెళ్లండి. డీజిల్ అయితే చలిలో మొండికేస్తే గ్లో ప్లగ్గులు (ఇంజిన్ లోపలిని ముందుగా వేడిచేసేవి), రాత్రంతా నిలిపితే మొండికేస్తే డీజిల్ లైనులోకి గాలి చేరడం, ఫిల్టర్లో నీళ్లు.

## 9. లోపాన్ని మీరే రప్పించండి

లాగ్‌లో ఒక వరస కనబడ్డాక ఎదురుచూడక్కర్లేదు.

- వేడి మీదే వస్తుంటే: అరగంట నడిపి, బానెట్ మూసి ఆపి, పది, పదిహేను నిమిషాలకి తిప్పండి.
- వానలోనే వస్తుంటే: చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా హెచ్‌టీ వైర్ల మీద, కాయిల్ మీద స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లండి. నీలం రవ్వలు పాకితే ఆ వైరు మార్చాలి. చేతులు దూరంగా పెట్టుకోండి.
- గతుకుల తర్వాత వస్తుంటే: కీ ఆన్‌లో ఉంచి ఒక్కో వైరు కట్టనీ కదుపుతూ, రిలేలు కొట్టుకుంటున్నాయా, డాష్ లైట్లు మినుకుతున్నాయా చూడండి. ఎలుకలు కొరికిన వైర్లు ఇలాగే దొరుకుతాయి.

## 10. రెండు రోజులు నిలిపితేనే మొరాయిస్తే

ఎక్కడో కరెంటు కారుతోంది. అన్నీ ఆపి, తలుపులు మూసి, అరగంట ఆగండి. మీటరు ఎర్ర వైరుని 10 యాంప్ రంధ్రంలో పెట్టి, బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ విప్పిన వైరుకీ మధ్య తగిలించండి. 50 మిల్లీయాంప్‌ల లోపు ఉండాలి. 300 వస్తోందనుకుందాం, రోజుకి 7 యాంపియర్ అవర్లు పైనే పోతాయి. చిన్న కార్ల 35 ఏహెచ్ బ్యాటరీ మూడు రోజులకి సగం కంటే ఎక్కువ ఖాళీ అవుతుంది.

ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోండి, ఏది తీస్తే రీడింగు పడిపోయిందో ఆ లైనులో వెతకండి. ఎక్కువగా దొరికేవి స్టీరియో, డాష్ క్యామ్, అలారం, డిక్కీ లైటు. మీటరు తగిలించి ఉండగా పొరపాటున కూడా కీ తిప్పకండి, మీటరు ఫ్యూజో, మీటరో పోతుంది.

## 11. జనం చేసే తప్పులు

కొలవకుండా బ్యాటరీ మార్చడం మొదటిది. కొత్త బ్యాటరీ జోరుకి అరిగిన అతుకు కొన్ని వారాలు నెట్టుకొస్తుంది, బాగైపోయిందనుకుంటారు, తిరిగి అదే.

ఒకేసారి మూడు నాలుగు పార్టులు మార్చడం ఇంకోటి. బండి బాగైనా దేనివల్ల బాగైందో తెలీదు, బాగవకపోతే కొత్త పార్టులో లోపముందేమోనన్న టెన్షన్ అదనం. సెన్సర్ల విషయంలో అయితే దొరికిన చవక డూప్లికేట్ వేసి "సెన్సర్ మార్చినా పోలేదు" అని తీర్మానించేవాళ్లు బోలెడుమంది.

మెకానిక్‌కి "బండి స్టార్ట్ అవ్వట్లేదు" అని మాత్రమే చెప్పడం కూడా తప్పే. ఇలా చెప్పి చూడండి: "వేడి మీదే వస్తోంది, చప్పుడుండదు, హెడ్‌లైట్లు తగ్గవు, ఎస్ వైరుకి బల్బు వెలగట్లేదు." ఆయన బ్యాటరీ ఊసెత్తడు, నేరుగా కీ స్విచ్ దగ్గరికి వెళ్తాడు.

## 12. బాగైందని ఎప్పుడు నమ్మాలి

- తీసిన పాత పార్టు కనీసం నెల రోజులు డిక్కీలో ఉంచండి.
- 5వ భాగంలోని వోల్టేజీ రీడింగులు మళ్లీ తీసి, పాతవాటి పక్కన రాసుకోండి.
- 9వ భాగంలో ఏ పరిస్థితిలో లోపం వచ్చిందో అదే పరిస్థితిని కనీసం ఐదారుసార్లు కల్పించి తిప్పండి.
- ఇదివరకు వారానికోసారి వచ్చే లోపమైతే మూడు, నాలుగు వారాలు లాగ్ ఆపకండి. నెలకోసారి వచ్చేదైతే ఇంకా ఎక్కువ కాలం. అప్పటిదాకా జంపర్ కేబుల్, టెస్ట్ ల్యాంప్ డిక్కీలోంచి తీయొద్దు.